హారం తెలియని శాతాలు

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో పనిచేసిన బాక్టీరియాలజిస్టు మేరీ బార్బర్ లెక్కలతోనే యాంటీబయాటిక్ నిరోధకత చరిత్రను మొదలుపెట్టడం సబబు. ఆ ఆస్పత్రి రోగుల నుంచి సేకరించిన స్టాఫిలోకాకస్‌లో పెన్సిలిన్‌కు లొంగనివి 1946లో సుమారు 14 శాతం. మరుసటి ఏడాది 38. 1948 నాటికి సగం దాటాయి. అంకెలు భయపెట్టేవే. అయితే వాటికి విలువ తెచ్చింది ఆమె పద్ధతి. ఒకే ఆస్పత్రి, ఒకే సూక్ష్మజీవి, ఏడాదికేడాది పోలిక. రోగి ఒంట్లో సూక్ష్మజీవి కొత్తగా మొండికెత్తడం కన్నా, అప్పటికే మొండిదైన రకం ఆస్పత్రిలో ఒకరి నుంచి మరొకరికి పాకడమే ఈ పెరుగుదలకు ప్రధాన కారణమని ఆమె గుర్తించారు. శాతం చెప్పి ఊరుకోకుండా, అది ఎక్కడిదో, ఎలా వచ్చిందో కూడా చెప్పారు.

తర్వాతి రోజుల్లో ఈ జాగ్రత్త అందరిలోనూ కనిపించదు. మందు అద్దిన కాగితపు బిళ్లను కల్చర్ పళ్లెంలో పెట్టి, దాని చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయాన్ని కొలిచే పరీక్షను ఒక్కో ప్రయోగశాల ఒక్కో తీరున చేసేది. అమెరికాలోని సియాటిల్‌లో బాయర్, కర్బీ, షెరిస్, టర్క్ 1966లో దానికి ఒక కట్టుబాటు తెచ్చారు. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్సన్, షెరిస్ కలిసి 1971లో అంతర్జాతీయ ప్రమాణాల నివేదిక వెలువరించారు. అమెరికాలో ఈ ప్రమాణాలను చూసే సంస్థ 1968లోనూ, ఐరోపా కమిటీ 1997లోనూ ఏర్పడ్డాయి.

ప్రమాణాలు ఏర్పడ్డాక చిక్కు మరో రూపంలో వచ్చింది. ఈ. కోలై సూక్ష్మజీవి ఒకదాన్ని తీసుకుందాం. దాని పెరుగుదలను ఆపడానికి మిల్లీలీటరుకు కనీసం 4 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ కావాలనుకుందాం. లొంగేదాన్నీ లొంగనిదాన్నీ వేరుచేసే గీతలైన హద్దుల్లో, 2010 ఆరంభం నాటి అమెరికా హద్దుల ప్రకారం అది మందుకు లొంగేదే. అదే ఏడాది హద్దులు సవరించాక అది లొంగనిదైంది. ఐరోపా హద్దుల ప్రకారం ఈ రెంటి మధ్యలో నిలుస్తుంది. పైగా 2019లో ఐరోపా కమిటీ ఆ మధ్య వర్గం అర్థాన్నే మార్చి, మోతాదు పెంచితే మందు పనిచేస్తుందని నిర్వచించింది. సూక్ష్మజీవి మారలేదు, మారింది గీత. ఏ సంస్థ హద్దును, ఏ సంవత్సరం ప్రతిని వాడారో రాయని పరిశోధన పత్రంలో “నిరోధకత పెరిగింది” అన్న వాక్యాన్ని నమ్మడానికి ఆధారం లేదు.

హారం, అంటే శాతాన్ని ఎన్నింటి మీద లెక్కగట్టారన్న సంగతి, అంతకన్నా ముఖ్యం. రక్తంలో ఇన్ఫెక్షన్‌తో నెల రోజులు ఆస్పత్రిలో ఉన్న రోగికి ఐదుసార్లు కల్చర్ చేస్తే, ఒకే సూక్ష్మజీవి ఐదు లెక్కలుగా నమోదవుతుంది. అందుకే రోగికి మొదటి నమూనాను మాత్రమే లెక్కించాలని అమెరికా సంస్థ నియమం పెట్టింది. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. జ్వరమొస్తే చాలామంది ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తారు, తర్వాత పట్నంలో చిన్న నర్సింగ్ హోముకు. రెండుచోట్లా మందులు పనిచేయకపోతేనే పెద్దాసుపత్రికి చేరతారు, కల్చర్ అక్కడ జరుగుతుంది. అప్పుడు తేలిన శాతం పెద్దాసుపత్రిదే తప్ప ఆ జిల్లాది కాదు. ఈ తేడాను పత్రంలో రాయకపోవడం నా దృష్టిలో చిన్న లోపం కాదు. ఆ అంకెను చూసి ఊరి వైద్యుడు అవసరం లేకపోయినా బలమైన మందు రాస్తాడు. ఆ మందే రేపటి నిరోధకతకు దారి తీస్తుంది.

పరిశోధనను ఎలా నివేదించాలన్న నియమాలు ఆలస్యంగా వచ్చాయి. క్లినికల్ ట్రయల్స్ కోసం 1996లో కన్సార్ట్ వచ్చింది. ఆస్పత్రి ఇన్ఫెక్షన్ల అధ్యయనాలకు 2007లో ఓరియన్, నిరోధకతపై ఎపిడెమియాలజీ అధ్యయనాలకు 2016లో స్ట్రోబ్-ఏఎంఎస్ తోడయ్యాయి. ప్రయోగశాల సమాచారానికి 2019లో వచ్చిన మైక్రో వీటన్నిటిలో మనకు బాగా పనికొచ్చేది. నమూనా ఎవరిది, ఎప్పుడు తీశారు, కలుషితమైన వాటినీ పునరావృతాలనూ ఏం చేశారు, ఏ హద్దు వాడారు అని అది అడుగుతుంది.

నిరోధకత వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. పేద దేశాల సమాచారం చాలీచాలని చోట గణిత నమూనాలపై ఆధారపడక తప్పలేదు. ఆ ఖాళీలను నింపగలిగే పత్రాలు మన వైద్య కళాశాలల్లోనూ తయారవుతున్నాయి. ఎం.డి. విద్యార్థులకు థీసిస్ తప్పనిసరి కదా. వారికి మార్గదర్శకులైన ఆచార్యులు, సంతకం పెట్టేముందు, హారమేదని, ప్రమాణం ఏ ప్రతిదని ఒక్కసారి అడగాలని నా మనవి.