షేర్ల పట్టికలో చరిత్ర: సంస్థాగత మదుపరుల జాడ

ఒక కంపెనీ షేర్లను బీమా సంస్థలు, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ నిధులు కొంటున్నాయా, అమ్ముతున్నాయా అన్నది నేడు ఇంట్లో కూర్చుని చూసుకోగలం. ఈ వెసులుబాటు చట్టాల ద్వారా వచ్చింది. అమెరికా తన 1934 నాటి సెక్యూరిటీల చట్టాన్ని 1975లో సవరించి, 10 కోట్ల డాలర్లకు తగ్గని షేర్లను నిర్వహించే సంస్థలు తమ నిల్వలను వెల్లడించాలని ఆదేశించింది. ‘13ఎఫ్’ అనే ఈ నివేదికకు త్రైమాసికం ముగిశాక 45 రోజుల గడువు ఉంటుంది. ఇందులో కనిపించేది నిల్వ మాత్రమేనని విద్యార్థులు గమనించాలి. రెండు నివేదికలను పోల్చి కొనుగోలు, అమ్మకాలను మనమే లెక్కకట్టాలి. త్రైమాసికం మధ్యలో కొని అమ్మేసినవి ఆ లెక్కకు దొరకవు.

మన దేశంలో చాలాకాలం సంస్థాగత మదుపరులంటే ప్రధానంగా ఎల్‌ఐసీ, యూనిట్ ట్రస్టులే. 1992 సెప్టెంబరులో విదేశీ సంస్థలకు అనుమతి లభించాక వాటి కదలికలపై ఆసక్తి పెరిగింది. 2004 జనవరిలో సెబీ మరో అడుగు వేసింది. ఒకే ఖాతాదారు ఒక్కరోజులో కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి లావాదేవీ జరిపితే, ఆ వివరాలు పేరుతో సహా బయటపెట్టాలన్నది. దీన్నే బల్క్ డీల్ అంటారు.

ఈ ఏర్పాట్లన్నీ ఉండగానే హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతం జరిగింది. ఆ కంపెనీలో ప్రమోటర్ల వాటా 2008 నాటికి సుమారు 8 శాతమే. షేర్లలో అధికభాగం సంస్థల చేతుల్లో ఉండేది. పెద్ద సంస్థలు కొన్నాయి కనుక కంపెనీ పదిలమని చాలామంది చిన్న మదుపరులు నమ్మారు. నా దృష్టిలో ఇది పట్టికను తప్పుగా చదవడమే. ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో పట్టిక చెబుతుంది కాని, కంపెనీ ఖాతాలు నిజమో కాదో అది చెప్పదు.

2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించగా, సంస్థాగత మదుపరులు తీవ్రంగా వ్యతిరేకించారు. గంటల్లోనే ఆ ప్రతిపాదన రద్దయింది. మరునాడు మన మార్కెట్లో షేరు కుప్పకూలింది. ప్రమోటర్లు తమ షేర్లను అప్పులకు తాకట్టు పెట్టారని, ధర పడిపోతుంటే రుణదాతలు వాటిని అమ్ముకున్నారని ఆ తర్వాతగాని బయటికి రాలేదు. తాకట్టు సంగతి చెప్పే గడి అప్పటి త్రైమాసిక పట్టికలో లేనేలేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవని లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు దాదాపు 78 శాతం పడింది. డిసెంబరు త్రైమాసికపు పట్టిక సమర్పించడానికి గడువు అప్పటికింకా ముగియనే లేదు!

అదే నెలాఖరులో సెబీ ప్రమోటర్ల తాకట్టు వివరాల వెల్లడిని తప్పనిసరి చేసింది. మీకు నచ్చిన ఏదైనా నమోదిత కంపెనీ తాజా పట్టిక తెరిస్తే తాకట్టు షేర్లకు ప్రత్యేకమైన గడి కనిపిస్తుంది. దాన్ని గత త్రైమాసికపు పట్టికతో పోల్చి, మారిన అంకెలను మీ నోటు పుస్తకంలో రాయండి.