నెయ్యి లేని పెళ్ళి భోజనం

"పిన్నీ, అమ్మకి నువ్వే నచ్చచెప్పాలి" అని మా అక్క కూతురు ఫోన్ చేస్తే నా గుండె గుభేలుమంది. ఎవరినైనా ప్రేమించిందేమో అనుకున్నాను. అదేం కాదు. పెద్దలు చూసిన సంబంధమే, ముహూర్తం కూడా పెట్టేశారు. పిల్ల అడిగేది ఒక్కటే. పెళ్ళి భోజనంలో పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పనీరు, తేనె ఉండకూడదట. నాలుగేళ్ళ క్రితం బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ అవన్నీ మానేసింది. పెళ్ళికొడుక్కి అభ్యంతరం లేదట. "నేను వద్దనుకున్నది నా పెళ్ళికొచ్చిన వాళ్ళకి ఎలా పెట్టను పిన్నీ?" అంది.

అక్కకి చెప్పాను. అక్క ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "మాంసం లేదంటే మనకెలాగూ లేదు. నెయ్యి లేదంటే వియ్యాలవారి ముందు తలెత్తుకోగలనా? మళ్ళీ నెయ్యి చాలని పెళ్ళేనా మనింట్లో?" అంది.

ఆ "మళ్ళీ" అనే మాట మీకు అర్థం కావాలంటే మా అమ్మమ్మ పెళ్ళి సంగతి చెప్పాలి. 1954లో, అయిదు రోజుల పెళ్ళి. పెళ్ళి మూడు నెలలుందనగా ఇంట్లో వెన్న దాచడం మొదలుపెట్టారట. అయినా మూడో రోజు రెండో బంతిలో నెయ్యి అయిపోయింది. మగపెళ్ళివారి మేనత్తగారు విస్తరి ముందుకి తోసేసి లేచిపోయింది. అంతే. అమ్మమ్మ పిల్లల్ని కన్నా, మనవల్ని ఎత్తినా, అత్తవారింట్లో ఏ మాట వచ్చినా చివరికి "నెయ్యి చాలని పెళ్ళి" దగ్గరికే వచ్చేది. ఆ మాట మా అమ్మ కూడా విన్నది. అందుకే మా ఇంట్లో ఏ పెళ్ళికైనా నెయ్యి లెక్కకి రెట్టింపు తెప్పిస్తారు.

నేను ఎవరి పక్షం తీసుకోవాలో తెలియలేదు. తెలియనప్పుడు నేను చేసే పని ఒకటుంది, అటక మీద ఉన్న బి.ఏ. పుస్తకాల అట్టపెట్టె దించడం. అసలు మనవాళ్ళు అతిథికి ఏం పెట్టేవారు, ఈ నెయ్యికి ఇంత గౌరవం ఎక్కడిది అని వెతికాను.

మొదట దొరికింది అక్క పక్షమే. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి భోజనం పెట్టే ఘట్టం చదువుకున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 16వ శతాబ్దపు మొదటి భాగంలో రాసిన కావ్యం. ఏ కాలానికి తగ్గ భోజనం ఆ కాలంలో పెడతాడాయన. వానాకాలంలో సన్నబియ్యపు అన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, వాటి మీద ధారగా నెయ్యి. చలికాలంలో మిరియాల ఘాటు కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు, చెయ్యి చురుక్కుమనేంత వేడి నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, చారు, అంబలి, చెరకుపాలు, కొబ్బరినీళ్ళు, నీళ్ళమజ్జిగ. అయిదువందల ఏళ్ళ క్రితమే నెయ్యి, మజ్జిగ విస్తట్లో ఉన్నాయి. కాదనడానికి లేదు.

ఆ వానాకాలపు పద్యంలో నాకు నచ్చినది మాత్రం నెయ్యి కాదు. కట్టెలు తడిసి పొగొస్తుందని, భార్య కళ్ళలోకి పొగ పోకుండా కొబ్బరి చిప్పలతో పొయ్యి వెలిగించారని రాశాడు రాయలు. చక్రవర్తి అయ్యుండి వంటింట్లో ఆడమనిషి కళ్ళ గురించి ఆలోచించాడు. కాలేజీలో ఈ పద్యం చెప్పినప్పుడు కొబ్బరి చిప్పల దగ్గర ఎవరూ ఆగలేదు. ఇరవై ఏళ్ళు వంట చేశాక ఇప్పుడు ఆగాను నేను.

తర్వాత శ్రీనాథుడు. ఆయనదని చెప్పుకునే చాటువు ఒకటి, పల్నాడు తిండి మీద. కృష్ణుణ్ణి పట్టుకుని ఎత్తిపొడుస్తాడు. పూతన పాలు తాగాననీ, కార్చిచ్చు మింగాననీ గొప్పలు చెప్పుకుంటావే, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడు, అప్పుడు తెలుస్తుంది నీ గొప్ప అంటాడు. చిన్నప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడు చదివితే వేరే సంగతి కనిపించింది. జొన్నకూడు, బచ్చలి, చింతచిగురు. ఒక్క చుక్క పాలు లేవు, నెయ్యి లేదు. మా పిల్ల కోరుతున్న భోజనమే అది! రాజాస్థానాల్లో సన్నన్నం, నెయ్యి తిన్న కవికి అది శిక్షలా కనిపించింది, ఆ ఊరివాళ్ళకి అది రోజూ తిండి.

నెయ్యి మర్యాద ఎందుకైందో నాకు అక్కడ అర్థమైంది. అది అరుదు కాబట్టి. లెక్క వేసి చూడండి. గేదెపాలలో వెన్నశాతం ఆరో ఏడో ఉంటుంది. కిలో నెయ్యి కావాలంటే దాదాపు పదిహేను లీటర్ల పాలు కావాలి. అయిదువందల మందికి తలా రెండు చెంచాలు వెయ్యాలంటే ఎనిమిది, పది కిలోలు. అంటే నూట యాభై లీటర్ల పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి కాచాలి. రెండు గేదెలున్న మా ముత్తాత ఇంట్లో మూడు నెలలు దాచినా చాలలేదంటే వింతేముంది? ఆ మూడు నెలలూ ఇంట్లో పిల్లలు ఏ మజ్జిగతో తిన్నారో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఆ చాలని నెయ్యి ఎవరికి చాలింది? మొదటి బంతికి చాలింది. మొదటి బంతిలో కూర్చునేది మగవాళ్ళు, అందులోనూ మగపెళ్ళివారు. ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు ఏ సాయంత్రం నాలుగింటికో ఆఖరి బంతిలో కూర్చుంటే నెయ్యిగిన్నె అడుగున జిడ్డు మిగిలేది. అమ్మమ్మ చెప్పేది, తన చెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో ఒక్కసారి కూడా తను పప్పన్నంలో నెయ్యి వేసుకోలేదని. మా ఇంటి ఆడవాళ్ళు నెయ్యి లేని పెళ్ళి భోజనాలు తరతరాలుగా చేస్తూనే ఉన్నారు. దాని గురించి ఎవరూ విస్తరి తొయ్యలేదు.

ఇక మధుపర్కం. ఇప్పుడు మధుపర్కాలంటే తలంబ్రాల వేళ వధూవరులు కట్టుకునే తెల్ల నూలుబట్టలు. అసలు మధుపర్కం బట్ట కాదు, ఇంటికొచ్చిన గౌరవనీయుడైన అతిథికి, పెళ్ళికొడుక్కి ఇచ్చే పానీయం. పెరుగులో తేనె కలిపి ఇవ్వాలి. తేనె దొరక్కపోతే నెయ్యి కలపవచ్చని ఆశ్వలాయన గృహ్యసూత్రమే అంటుంది. సర్దుబాటు శాస్త్రంలోనే ఉందన్నమాట. ఆ సూత్రంలోనే మాంసం లేనిదే మధుపర్కం కాదనే నియమం కూడా ఉంది. ఇవాళ ఆ మాట పైకంటే మా పురోహితుడు గారు పీటల మీంచి లేచిపోతారు. అంటే మర్యాదలో తప్పనిసరి అనుకున్న మాంసం ఒకనాటికి పోయింది. తర్వాత మా వైపు పెళ్ళిళ్ళలో పెరుగు, తేనె కూడా వెనక్కి జరిగి పేరు మాత్రం బట్టలకి మిగిలింది. ఏది పోయినప్పుడూ పెళ్ళిళ్ళు ఆగలేదు. అన్నట్టు, ఆ మధుపర్కాలు నూలువి కాబట్టి పట్టుపురుగుల గొడవ కూడా ముహూర్తం వేళ మాకు రాలేదు. ముహూర్తమంటే మనకి జీలకర్ర, బెల్లం. అందులోనూ పాలచుక్క లేదు.

ఇదంతా చెప్తే అక్క, "మరి గాంధీగారంతటి వాడే పాలు మానలేక మేకపాలు తాగాడుగా!" అంది. అక్కతో వాదన ఇలాగే ఉంటుంది. అది నిజమే. 1912లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా గాంధీ పాలు మానేశారు. ఆవుల్నీ, గేదెల్నీ పెట్టే హింస గురించి చదివి, పాలు తాగనని వ్రతం పట్టారు. 1918లో జబ్బు చేసి మంచాన పడ్డాక, పాలు తాగితే గాని కోలుకోరని డాక్టరు అంటే, మంచం పక్కనున్న కస్తూర్బా "మేకపాలకి మీకు అభ్యంతరం ఉండకూడదుగా" అన్నదట. వ్రతం పట్టేటప్పుడు ఆయన మనసులో ఉన్నవి ఆవు, గేదె మాత్రమే. అలా బతికారు. కానీ వ్రతం మాట నిలిచింది గాని దాని ప్రాణం పోయిందని ఆత్మకథలో తనే బాధపడ్డారు. నాకైతే ఆ కథలో కస్తూర్బాయే ముఖ్యం. భర్త నియమం చెడకుండా, మనిషి పోకుండా దారి వెతికింది. ఇంటి ఇల్లాళ్ళందరం చేసే పనే అది.

వీగన్ అనే మాట అప్పటికి పుట్టనే లేదు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి, వెజిటేరియన్ అనే మాట మొదలూ చివరా కలిపి దాన్ని తయారుచేశారు. శాకాహారుల్లో పాలు కూడా ముట్టని వాళ్ళకి వేరే పేరు కావలసి వచ్చింది. మనకి తెలుగులో ఇప్పటికీ దానికి సొంతమాట లేదు, ఎందుకంటే మన లెక్కలో పాలు శాకాహారమే. "పాలు తాగితే దూడకి లేకుండా పోదా" అని పిల్ల అడిగితే, "దూడకి వదిలాకే పితుకుతారే" అంది మా అమ్మ. మా అమ్మ చూసిన గేదెల సంగతి అది. ఇప్పటి డెయిరీల్లో ఏం జరుగుతుందో మా అమ్మ చూడలేదు. పిల్ల చూసిందట. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

అక్కని మెత్తబరిచినది మాత్రం గాంధీ కాదు, శ్రీనాథుడూ కాదు. డాల్డా! 1937లో మార్కెట్లోకి వచ్చిన ఆ పచ్చ చెట్టు బొమ్మ డబ్బా మన అమ్మల వంటిళ్ళన్నిటిలో ఉండేది. డబ్బా ఖాళీ అయ్యాక అందులో తులసిమొక్క. మా అమ్మ పెళ్ళి 1975లో. అప్పటికి శ్వేత విప్లవం మొదలై అయిదేళ్ళే. మా ఊరికి ఇంకా పాలప్యాకెట్ రాలేదు. లడ్డూలూ, కాజాలూ, మైసూర్‌పాకూ అన్నీ డాల్డాలోనే. డాల్డా అంటే గట్టిపడేలా చేసిన నూనె, అందులో పాలు ఎక్కడున్నాయి? ఒంటికి మంచిది కాదని తర్వాత తెలిసిందనుకోండి, అది వేరే విషయం. "అమ్మ పెళ్ళిలో మిఠాయిలన్నీ మీ అమ్మాయి చెప్పిన రకమే" అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పెరుగు ఏం చేస్తావ్?" అంది. ఒప్పుకుందని అర్థమైంది.

పెరుగే అసలు చిక్కు. మనకి పెరుగన్నంతో ముగించకపోతే భోజనం అయినట్టే ఉండదు. పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడగట్టి, ఆ పాలు కాచి తోడుపెట్టాలి. కానీ తోడుకి పెరుగు వెయ్యకూడదు కదా. అమ్మమ్మ చిట్కా గుర్తొచ్చింది, ఇంట్లో తోడు లేనప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేసేది. మూడుసార్లు విరిగి, నాలుగోసారి తోడుకుంది. పల్చగా చిలికి, అల్లం, కరివేపాకు, కొత్తిమీర వేసి మజ్జిగగా పోస్తే పల్లీవాసన పెద్దగా తెలియలేదు. అన్నంలో గట్టిపెరుగుగా కలుపుకుంటే తెలుస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

కొన్ని దగ్గర పిల్లా తగ్గింది. హోమంలో నెయ్యి ఉంది. చంటిపిల్లల పాలకి అడ్డు లేదు. విడిదిలో పొద్దున్నే కాఫీ సంగతి ఎలాగా అని మేం నిద్ర మానుకుంటే, వియ్యపురాలే ఫోన్ చేసి "విడిదిలో కాఫీలు మావి వదినగారూ, మీరు కల్పించుకోకండి" అంది. అక్క ఆ రోజు మళ్ళీ ఏడ్చింది, ఈసారి వేరే రకంగా.

వంటాయన మొదట వినగానే ఆటో ఎక్కబోయాడు. "నెయ్యి లేకుండా నా పేరు పోతుందమ్మా" అని. కూర్చోబెట్టి కాగితం మీద రాశాం. పులిహోర, నూనెలో వేయించిన పూర్ణం బూరెలు, గారెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, గోంగూర, ఆవకాయ, దప్పళం, చారు, అప్పడాలు, కొబ్బరిపాల పాయసం. రాసి చూస్తే మార్చాల్సినవి మూడే తేలాయి. పప్పు మీద నెయ్యి, పాయసం, పెరుగు. పప్పు మీదకి గానుగలో ఆడించిన పప్పునూనె వెచ్చబెట్టి పోశాం. నెయ్యికి పక్కన పెట్టిన డబ్బు జీడిపప్పుకి వెళ్ళింది. శ్రీనాథుడు మింగలేకపోయిన బచ్చలి ఇప్పుడు పెళ్ళి విస్తట్లో కందతో కలిసి గొప్పగా కూర్చుంది చూశారా?

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. మగపెళ్ళివారి బంధువు ఒకాయన పాయసం రెండోసారి అడిగి, పాలు లేవని తెలిశాక మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెళ్ళికొడుకు తాతగారికి ఎనభై నాలుగేళ్ళు. మజ్జిగ నోట్లో పోసుకుని ఆగి, "ఇదేమిటమ్మా?" అన్నారు. పిల్ల తనే వెళ్ళి చెప్పింది. ఆయన "ఓహో" అని మిగిలిన అన్నం చారుతో కలుపుకున్నారు. ఆ రాత్రి విడిదిలో వదినగారు ఆయనకి పెరుగన్నం పెట్టిందని తెలిసి నాకు నెమ్మదిగా అనిపించింది, పిల్లకి చెప్పలేదు.

మా అమ్మ మాత్రం మొదటి బంతి అయ్యేదాకా గుమ్మం దగ్గరే నుంచుంది. ఎవరు ఎలా లేస్తున్నారో, ఎవరి విస్తరి ఎటు జరిగిందో చూస్తూ. డెబ్భై ఏళ్ళ ఆవిడ, పిలిచినా కూర్చోలేదు.

మేం ఆడవాళ్ళం కూర్చునేసరికి మూడున్నర దాటింది. ఆఖరి బంతి. అమ్మ నా పక్కనే కూర్చుని విస్తరి అంతా ఒకసారి కలియజూసుకుంది. ముద్దపప్పు, దాని మీద వెచ్చటి పప్పునూనె, బూరెలు, పులిహోర, పాయసం, మొదటి బంతికి వడ్డించినవన్నీ ఉన్నాయి. పనసపొట్టు కూర ఒక్కటి అయిపోయింది.