చార్మినార్ పరిసర విపణి: కట్టడాలు, వర్తక సంప్రదాయం

ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతనగర చరిత్రను పాలకుల వరుసక్రమంలోనో, కట్టడాల వాస్తురీతుల ఆధారంగానో వివరించడం పరిపాటి. అయితే ఆ కట్టడాలు నెలకొన్న స్థానాలను గమనిస్తే, వర్తకం ఈ నగరానికి తరువాత చేరిన అంశం కాదని, తొలినాటి నుంచీ దాని అమరికలోనే భాగమని బోధపడుతుంది. చార్మినార్ పరిసరాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం.

నగర నిర్మాణం – వర్తక మార్గం

గోల్కొండ కోటలో జనసమ్మర్దం పెరగడంతో కుతుబ్‌షాహీల దృష్టి మూసీ దక్షిణ తీరంపైకి మళ్లింది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1578లో పురానాపూల్ పూర్తికావడంతో నదిని దాటే మార్గం సుగమమైంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్‌ను నిర్మింపజేశాడు. నగర రూపకల్పనలో పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ పాత్రను చరిత్రకారులు ప్రత్యేకంగా పేర్కొంటారు. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ సాగిన రాజవీథులు నగరాన్ని నాలుగు భాగాలుగా విభజించాయి. ఆ వీథుల వెంట అంగళ్లు వెలిశాయి. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే మార్గంపై ఉండటం నగర వాణిజ్యానికి బలమైంది.

చార్ కమాన్

చార్మినార్‌కు ఉత్తరాన 1592 ప్రాంతంలో నాలుగు కమానులు నిర్మితమయ్యాయి. అవి మచ్లీ కమాన్, కాలీ కమాన్, సెహర్-ఎ-బాతిల్ కమాన్, చార్మినార్ కమాన్. వీటి నడుమ గుల్జార్ హౌజ్ ఉంది. ఒకనాడు ఇది రాజప్రాసాదాల ముంగిలి. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. కాలక్రమంలో ప్రాసాదాలు కనుమరుగైనా కమానులు నిలిచాయి. నేడు ఆ ముంగిలి బంగారు ఆభరణాల, ముత్యాల వర్తకానికి నెలవు. రాచరికానికి గుర్తుగా వెలసిన కట్టడాలను విపణి తన సొంతం చేసుకుందనడానికి ఇది నిదర్శనం.

వరదల అనంతరం

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. తదనంతరం 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగర పునర్నిర్మాణాన్ని చేపట్టింది. పత్తర్‌గట్టీలో వీథికి ఇరువైపులా కనిపించే రాతి కమానుల దుకాణాల వరుస ఈ దశకు చెందినదే. ఆధునిక ప్రణాళిక సైతం విపణిని తొలగించలేదు, దానికి కొత్త రూపమిచ్చింది.

ముగింపు

చార్మినార్‌కు పడమర ఉన్న లాడ్ బజార్ లక్క గాజులకు ప్రసిద్ధం. వేడిచేసిన లక్కను గాజుగా మలచి, దానిపై రాళ్లు, అద్దాలు, పూసలు చేత్తో పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఉత్పత్తి పేరుకు రక్షణ కల్పిస్తుంది. పురావస్తు చట్టం కట్టడానికి రక్షణ కల్పిస్తుంది. అయితే వీటిలో ఏదీ కార్మికుని ఉపాధికి, చిన్న వర్తకుని స్థానానికి భరోసా ఇవ్వదు. కట్టడం, వర్తకం ఒకే ప్రణాళికలో రూపుదిద్దుకున్న చోట ఒకదాన్ని కాపాడి మరొకదాన్ని విస్మరిస్తే దక్కేది సగం చరిత్ర మాత్రమే. కాబట్టి పాతనగర పరిరక్షణపై జరిగే అధ్యయనాలు శాసనాలు, శిథిలాలతో పాటు అంగడి వీథిని కూడా చారిత్రక ఆధారంగా పరిగణించడం ఆవశ్యకం.