సమాధి విడిదిగా మారినప్పుడు

ఢిల్లీ వెళ్ళినవారందరూ కుతుబ్‌మీనార్ చూసి వస్తారు. దానికి దగ్గరలోనే మెహ్రౌలీలో, ఎత్తైన అరుగు మీద నిలిచిన ఎనిమిది పలకల కట్టడాన్ని చూసేవారు తక్కువ. అది ఆదమ్‌ఖాన్ సమాధి. ఈ ప్రసంగంలో దాని కథ తెలుసుకుందాం.

ఆదమ్‌ఖాన్, అక్బర్‌ను పెంచిన దాది మాహమ్ అనగా కుమారుడు. 1562లో అత్గాఖాన్‌ను హత్య చేసినందుకు అక్బర్ అతనిని ఆగ్రా కోట మేడ మీది నుంచి కిందికి తోయించాడు. ఆ దుఃఖంతో తల్లి కూడా కొద్దికాలానికే కన్నుమూసింది. ఇద్దరినీ ఒకేచోట ఖననం చేయించి, అక్బర్ ఈ సమాధి కట్టించాడు.

1803లో ఢిల్లీ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మందమైన గోడలు, ఎత్తైన గుమ్మటం ఉన్న సమాధులు వేసవిలో చల్లగా ఉంటాయి. కొత్తగా బంగళా కట్టే ఖర్చూ ఉండదు. 1830ల్లో బ్లేక్ అనే కంపెనీ అధికారి ఆదమ్‌ఖాన్ సమాధిని నివాసంగా మార్చుకున్నాడు. గోరీలను తొలగించి, ఆ స్థలంలో భోజనశాల ఏర్పాటు చేశాడు. ఆయన తరువాత అది ప్రయాణికుల విడిదిగా, పోలీసు ఠాణాగా, తపాలా కార్యాలయంగా కూడా ఉపయోగపడింది.

1840ల్లో మరో అధికారి థామస్ మెట్కాఫ్ ఇదే బాట పట్టాడు. ఆదమ్‌ఖాన్ సోదరుడు కులీఖాన్ సమాధికి అదనపు గదులు చేర్చి, చుట్టూ తోటలు వేయించి, 'దిల్‌ఖుషా' అనే విహారగృహంగా మలచుకున్నాడు. వర్షాకాలంలో మెహ్రౌలీకి వచ్చే మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ విడిది కూడా అక్కడికి దగ్గరే.

వైస్రాయి కర్జన్ కాలంలో ఈ ధోరణికి అడ్డుకట్ట పడింది. ఆయన ఆదేశంతో ఆదమ్‌ఖాన్ సమాధిని ఖాళీ చేయించారు. 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వ సంరక్షణలోని ప్రార్థనా స్థలాలను వాటి స్వభావానికి విరుద్ధంగా వాడరాదని ఆ చట్టం నిర్దేశించింది. 1958 నాటి చట్టంలోనూ ఈ నియమం కొనసాగింది.

వాడుకలో ఉన్న కట్టడమే నిలుస్తుందని కొందరు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మనుషులు మసలే చోట కప్పు కారితే ఎవరో ఒకరు బాగుచేస్తారు. అయితే మెహ్రౌలీలో జరిగినది గమనించండి. గోడలు నిలిచాయి, గుమ్మటమూ నిలిచింది. కొడుకు గోరీని గుమ్మటం కింద తిరిగి నెలకొల్పారు. తల్లి గోరీ మాత్రం మళ్ళీ దాని చోటికి చేరలేదు.

కనుక పాత మందిరాన్నో, మఠాన్నో, సమాధినో అతిథిగృహంగా మారుస్తున్నారని విన్నప్పుడు, అక్కడ ఎన్ని గదులు వచ్చాయని మాత్రమే అడగకూడదు. ఆ గదుల కోసం దేనిని తొలగించారో, దానిని మళ్ళీ యథాస్థానంలో ఉంచడం సాధ్యమో కాదో కూడా అడగాలి.