ఒక్క మెతుకు చాలదు

1843లో డబ్లిన్ కాలువగట్టున నడుస్తుండగా హామిల్టన్‌కి క్వాటర్నియన్లు తట్టాయి. వాటిలోని ఎనిమిది మూలకాల సమూహమంటే నాకిష్టం. వర్గం మైనస్ ఒకటయ్యేవి అందులో ఆరు. గుణకారం చెడకుండా ‘ఐ’ని ఆ ఆరింటిలో దేనికైనా పంపొచ్చు; ఆపైన ‘జె’కి నాలుగు దారులు. మొత్తం 24 సౌష్ఠవాలు. 24ని 8 భాగిస్తుంది.

మూలకాల సంఖ్య ఒక ప్రధాన సంఖ్యకి ఘాతమై, వినిమయ ధర్మం లేని సమూహాలన్నిటికీ ఇంతేనా? ఇంతేనని చాలాకాలం ఊహించారు. వినిమయానికి బాగా దగ్గరగా ఉండే ఒక రకానికి 1968లో ఫాడ్రీ రుజువు కూడా చేశాడు.

2015లో గొంజాలెజ్-సాంచెజ్, హైకిన్-సాపిరైన్ ఆ ఊహని కూల్చేశారు. ప్రతి ప్రధాన సంఖ్యకీ వాళ్లు కట్టిన సమూహాలు పెరిగేకొద్దీ, మూలకాలతో పోలిస్తే సౌష్ఠవాల వాటా సున్నాకి జారిపోతుంది. ఇక భాగించడమెక్కడ?

అన్నం ఉడికిందని చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఇక్కడ మాత్రం కుండంతా చూడాల్సిందే.