కడపటి జట్టుకు ద్వారము తెరవవలెనా?

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ పేరు స్ఫురించుట సహజము. అమెరికా ఉత్తర ప్రాంతపు కళాశాలలలో ఆ పేర సాగునది వేరొక ఆట. మంచుపలకపై, కాళ్ళకు స్కేట్లు తొడుగుకొని, జట్టుకు ఆరుగురు చొప్పున నల్లని రబ్బరు బిళ్ళను కర్రలతో తరుముదురు. పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడ కడపటి పోటీలలో చోటీయవచ్చునా అన్న వివాద మక్కడ ఇంకను తీరలేదు.

ఆ కళాశాలల జాతీయ పోటీ 1948లో కొలరాడో స్ప్రింగ్స్ నగరమున ఆరంభమైనది. పిలుపు అందినది 4 జట్లకే. మిషిగన్ విశ్వవిద్యాలయము గెలిచినది. 1988లో 12 జట్లకు, 2003లో 16 జట్లకు అవకాశము పెరిగినది. కళాశాలలు కాన్ఫరెన్సులను కూటములుగా చేరి, శీతకాలమంతయు తమలో తాము ఆడుకొనును. పిమ్మట ప్లేఆఫ్ జరుగును. అందు గెలిచిన జట్టుకు నేడు జాతీయ పోటీలో నేరుగా స్థానము లభించును. కావుననే ఈ ద్వారము ఎవరికన్న ప్రశ్నకు ఇంత బరువు.

హాకీ ఈస్ట్ అను కూటమి 2013 వరకు 10 జట్లలో 8కి మాత్రమే ప్లేఆఫ్‌లో చోటిచ్చెడిది. 2014లో అన్నింటిని ఆహ్వానించినది. కొన్నేండ్లకు మరల 8కి కుదించి, తిరిగి అందరికి తెరచినది. ఒకే కూటమి ఇన్నిమార్లు మనసు మార్చుకొనెననగా, ఇరుపక్షముల వాదములోను బలమున్నదన్నమాట.

వలదనువారి వాదమిది: నెలల తరబడి శ్రమించి అగ్రస్థానము పొందిన జట్టు ఒక్క రాత్రి ఓటమితో తన ఫలమును కోల్పోవచ్చును, అందరికి ప్రవేశమున్నచో పట్టిక కేమి విలువ? 2010లో తన కూటమిలోని 12 జట్లలో 7వదిగా నిలిచిన మిషిగన్, ప్లేఆఫ్ గెలిచి వరుసగా 20వ యేట జాతీయ పోటీకి చేరినది. దీనిని అన్యాయమన్నవారు కలరు. పట్టిక జట్టు సత్తాను పూర్తిగా చెప్పదనుటకు నిదర్శనమన్నవారును కలరు.

ఇక 2015 మార్చి 6వ తేదీ. హాకీ ఈస్ట్‌లో 12వ స్థానమున, అనగా కట్టకడపట, ఉన్న మసాచుసెట్స్ జట్టు నోటర్‌డేమ్‌తో దాని సొంత రంగమునందే తలపడినది. 60 నిమిషములలో ఫలితము తేలలేదు. అదనపు ఆట ఒకటి కాదు, అయిదు విడతలు సాగినది. అర్ధరాత్రి దాటిన పిదప, ఆట 151 నిమిషముల 42 సెకనుల కడ, మసాచుసెట్స్ 4-3తో గెలిచినది. ఆ కళాశాలల హాకీ చరిత్రలో అంతవరకు అంతటి దీర్ఘమైన ఆట లేదు. తరువాతి రెండాటలును గెలిచి నోటర్‌డేమే ముందుకు సాగినది. పట్టిక తీర్పు నిలిచినది. కడపటి జట్టు గౌరవమును నిలిచినది.

తరగతిలో వెనుకబడిన విద్యార్థిని వార్షిక పరీక్షకు కూర్చుండనీయుట న్యాయమే. ముందున్నవాని మార్కులను తుడిచివేయుట న్యాయము కాదు. అగ్రశ్రేణి జట్లకు తొలి విడత నుండి మినహాయింపు, సొంత రంగమున ఆడు హక్కు ఈయవలెను; కడపటివారికి కఠినమైన దారి మిగలవలెను. దారి కఠినముగా నుండవచ్చును గాని, మూసివేయబడరాదని మా అభిప్రాయము. నాలుగవ సంవత్సరపు విద్యార్థికి అదియే కళాశాల దుస్తులతో ఆడు తుది ఆట కావచ్చును.