తూర్పు కనుమల నిర్వాసితులు: స్థానిక జ్ఞానం, వాతావరణ మార్పు

అరకు లోయ నుంచి మల్కనగిరి, చింతూరు దాకా పరుచుకున్న కొండల్లో గత ఏడు దశాబ్దాలుగా నెలవు తప్పిన జనం కరువుకూ తుపానుకూ ఓర్చి బతకడానికి వాడుకున్న సేద్యపు పరిజ్ఞానం ఈ వ్యాస విషయం. 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం సొంత దేశం విడిచి రావాల్సి వచ్చినవారే శరణార్థులు. ఆ లెక్కన ఇక్కడ కొందరే శరణార్థులు, తక్కినవారు నిర్వాసితులు. అయినా వీరందరినీ కలిపి చూడడమే సబబు. నేల మారితే తెలిసిన వ్యవసాయం ఎంతవరకు అక్కరకొస్తుందన్న ప్రశ్న అందరిదీ. ఈ ప్రాంత చరిత్ర ఇచ్చే జవాబు స్పష్టంగానే ఉంది: తెలివి మనిషి వెంట వస్తుంది, కానీ కాళ్ల కింద నిలకడైన భూమి లేకపోతే అది కూడు పెట్టదు.

మన్యంలో కొండవాలు చేలో సామ, చోడి, కంది కలిపి వేస్తారు. సామ మూడు నాలుగు నెలల్లో ఇంటికొస్తుంది. కంది సంక్రాంతి దాకా చేలోనే ఉంటుంది. తొలకరి మోసం చేసినా, చివరి వానలు ఎగ్గొట్టినా ఏదో ఒక పంట దక్కుతుంది. చైత్రంలో ఇటుకల పండగకు విత్తనాలను గ్రామదేవత ముందు పెట్టి పూజించి, ఆ గింజలను సొంత విత్తనంలో కలుపుకొని విత్తుతారు. భక్తి ఎలాగూ ఉంది. దాంతోపాటు విత్తనం ఊళ్లో చేతులు మారే ఏర్పాటు కూడా ఇదే. ఒక ఇంట్లో గాదె పురుగుపట్టినా ఆ రకం ఊరికి మిగులుతుంది.

ఊరు చెదిరితే మొదట తెగేది ఈ ఏర్పాటే. మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్ జలాశయం కట్టినప్పుడు గదబలు, పోర్జలు సాగుచేసుకున్న లోయ భూములు మునిగాయి. ఆ నీటితో 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. 1958లో ఏర్పడిన దండకారణ్య ప్రాజెక్టు ఈ నిర్వాసిత కథకు మరో కోణం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులను మల్కనగిరి, ఉమర్‌కోట్ ప్రాంతాల్లో స్థిరపరిచారు. వరి, చేప తెలిసిన డెల్టా రైతులకు దక్కింది మెట్టనేల. 1978లో వేలమంది సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపీకి తరలిపోయారు. ఉండిపోయినవారికి పొట్టేరు కాలువ నీళ్లు అందాక పాత వరి విద్య మళ్లీ పనికొచ్చింది. అయితే వారికి కేటాయించిన నేల అంతకుముందు స్థానిక గిరిజనులు కొండ నరికి చేసే పోడు సేద్యానికీ మేతకూ ఆధారం. ఒకరి పునరావాసం మరొకరి ఇరుకుగా మారిన అన్యాయాన్ని మరవకూడదు.

పోడు అడవిని తినేస్తుంది కదా, దాన్ని జ్ఞానమని ఎలా అంటారన్న ఆక్షేపణ పాతదే, తీసిపారేయదగ్గదీ కాదు. కానీ నరికిన కొండను ఏళ్ల తరబడి బీడుగా వదిలినంత కాలం అడవి తిరిగి లేచేది. మునక వల్ల, తరలింపు వల్ల మనుషులు కొద్దిపాటి వాలులోకి కుదించుకుపోయాకే ఆ విరామం కరిగిపోయింది. రుతువే గతి తప్పాక పాత గుర్తులు పనిచేయవన్న వాదనలో మరింత బలముంది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను మన్యం కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్లను కూల్చేసింది. అలాంటి దెబ్బను ఏ పెద్దల అనుభవమూ ఆపలేదు. ముందస్తు హెచ్చరిక, చింతపల్లి పరిశోధన కేంద్రం వంటి చోట్ల జరిగే పని తప్పకుండా కావాలి. అయితే స్థానిక జ్ఞానమంటే వానరాక జోస్యం ఒక్కటే కాదు. ఏ వాన కురిసినా ఏదో ఒకటి పండేలా పలు రకాల విత్తనాలు చేతిలో ఉంచుకోవడం దానికి ఆయువుపట్టు. అనిశ్చితి పెరిగేకొద్దీ దాని విలువ పెరుగుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక హింసకు జడిసి గోదావరి దాపు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ గిరిజనులది నేటి ఉదాహరణ. సేద్యం తెలుసు, కొండ తెలుసు, అడవి దుంప తెలుసు. కానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. ఆ తేదీ తర్వాత వచ్చి నరుక్కున్న పోడుకు హక్కుపత్రం లేదు. ఏటా ఖాళీ చేయిస్తారేమోనన్న భయంలో ఉన్నవారు నాలుగేళ్లకు కాపుకొచ్చే చెట్టు నాటరు, గట్టు వేయరు. వాతావరణ మార్పుకు తట్టుకునే పథకం ఏదైనా వీరికి అందాలంటే ముందు ఆ తేదీని సవరించాలి.